పాల బిల్లులో వాడే కంప్యూటరు భాగాలు: ఉచిత లైసెన్సు, కొనుగోలు లైసెన్సు

ఈ మధ్య వార్షిక తనిఖీ నిమిత్తం మా పరిధిలోని ఒక ప్రాథమిక పాల సంఘానికి వెళ్ళాము. నగదు పుస్తకం, సభ్యుల లెడ్జరు, శాంపిలు సీసాలు, తూకం అన్నీ సక్రమంగానే ఉన్నవి. మినిట్స్ పుస్తకం తిరగవేయుచుండగా లక్ష్మమ్మ గారనే వృద్ధ సభ్యురాలు మనుమడి ఫోను పట్టుకొని వచ్చి మా ముందు పెట్టింది. పక్షం బిల్లు ఫోనుకే వచ్చే ఏర్పాటు ఆ సంఘంలో ఉన్నది. "అయ్యా, ఇందులో నా పేరు ఎక్కడున్నదో చూపండి" అని అడిగింది. చూస్తే ఆమె పేరులో క్రింద రావలసిన వత్తులన్నీ పొల్లులుగా విడిపోయి వరుసగా ప్రక్కన నిలుచున్నవి. బిల్లు తీసుకొని బ్యాంకుకు వెళితే అక్కడి గుమాస్తా ఈ పేరు మీది కాదు పొమ్మన్నాడట.

కార్యదర్శిని అడిగాము. "నాలుగు బిల్లుల నుండి ఇట్లాగే వస్తున్నదండి. సాఫ్ట్‌వేరు ఇచ్చిన వారిని అడిగితే తెలుగు అక్షరాలు సరిగా రావాలంటే లైబ్రరీ లైసెన్సు కొనాలి, అది ఏటేటా కట్టాలి అంటున్నారు. మొదట ఇచ్చినప్పుడు అంతా ఉచితమేనన్నారు" అని ఆయన కొటేషను కాగితం తీసి చూపించాడు. అధ్యక్షులు అరవై దాటిన పెద్దమనిషి. "లైబ్రరీ ఏమిటండీ ఇనస్పెక్టరు గారూ, మన సంఘంలో పుస్తకాలు ఎక్కడ ఉన్నవి?" అన్నారు.

నిజం చెప్పవలెనంటే మాకు కూడ ఆ రోజున సంతృప్తికరమైన సమాధానం తెలియలేదు. సహకార డిప్లొమాలో మాకు జంట పద్దు విధానము, సహకార చట్టము, ఆడిటు నేర్పారు గాని ఇది నేర్పలేదు. తరువాత తెలిసినవారిని అడిగి, ఆ లైసెన్సు పత్రాలు సంపాదించి చదివాము. పాల సేకరణకు కంప్యూటరు పెట్టుకున్న ప్రతి సంఘానికి ఏదో ఒక రోజున ఈ కొటేషను కాగితం రావచ్చును గనుక, తెలుసుకున్నంత మట్టుకు సభ్యుల ముందు పెడుతున్నాము.

లైబ్రరీ అంటే ఇక్కడ గ్రంథాలయం కాదు. శీతలీకరణ కేంద్రం కట్టేవారు కంప్రెసరును తామే పోత పోసి తయారు చేయరు గదా, తయారైనది తెచ్చి బిగిస్తారు. అట్లాగే సాఫ్ట్‌వేరు వ్రాసేవాడు ప్రతి పనీ తానే వ్రాయడు. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూచి లీటరు ధర కట్టే లెక్క అతను వ్రాస్తాడు. ఆ లెక్కను బిల్లుగా, అనగా ఏ ఫోనులో తెరచినా ఒకే తీరుగా కనిపించే పీడీఎఫ్ కాగితంగా మార్చే పని పెద్దది. అది ఇంకెవరో ముందే వ్రాసి పెట్టి ఉంటారు. అటువంటి తయారు భాగాన్నే లైబ్రరీ అంటారు. ఒక చిన్న పాల బిల్లు వెనుక ఇటువంటి భాగాలు పదుల సంఖ్యలో ఉంటవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క యజమాని, ఒక్కొక్క షరతు.

ఈ షరతుల పత్రమే లైసెన్సు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాము కూడ గ్రంథం వంటిదే. వ్రాసినవారికి దానిపై హక్కు ఉంటుంది. వారు అనుమతించిన మేరకే ఇతరులు దానిని నకలు తీయవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. అనుమతి కాగితమే లేకపోతే హక్కు కూడ లేదని అర్థం. కంప్యూటరులో కనిపించిన మాత్రాన అది అందరిదీ కాదు.

ఆ అనుమతి ఎన్ని విధాలుగా ఉంటుందో చెప్పడానికి మన ఇళ్ళలోని తోడు కంటె మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. ప్రక్కింటావిడ గరిటెడు పెరుగు తోడుకు ఇచ్చి, "ఏమైనా చేసుకో, అమ్ముకున్నా సరే, తోడు నాదని మాత్రం చెప్పు" అన్నదనుకోండి. ఇది ఒక తరహా ఉచిత లైసెన్సు. ఎమ్ఐటీ, బీఎస్‌డీ, అపాచీ అనేవి ఈ కోవలోనివి. రెండవ ఇంటావిడ, "తోడు తీసుకో, కాని దీనితో చేసిన పెరుగు నీవు ఎవరికైనా ఇస్తే, అదెట్లా తోడు పెట్టావో వారికి చెప్పవలెను, వారు మరొకరికి ఇవ్వడానికి అడ్డు చెప్పకూడదు" అంటుంది. ఇది జీపీఎల్ తరహా. ఇందులో డబ్బు లేదు గాని బాధ్యత ఉన్నది. మూడవ చోట, "ఇంత కట్టు, నీ పెరుగు సంగతి నీ ఇష్టం, ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు" అంటారు. ఇది కొనుగోలు లైసెన్సు. కట్టే పద్ధతులు పలు విధాలు. కొందరు ప్రోగ్రాము వ్రాసే మనిషికి ఇంతని, కొందరు కంప్యూటరుకు ఇంతని, కొందరు ఏడాదికి ఇన్ని కాగితాలకు ఇంతని కట్టించుకుంటారు.

రెండవ తరహాకు మూలపురుషుడు అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన 1983లో గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించారు. జీపీఎల్ పత్రం మొదటి రూపం 1989లో వెలువడింది. ఆయన చెప్పేది స్వేచ్ఛ గురించి, ధర గురించి కాదు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట కావడం వలన అక్కడ చాల గందరగోళం జరిగి, 1998లో కొందరు ఓపెన్ సోర్స్ అనే వేరే పేరు పెట్టుకున్నారు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు, మనకా ఇబ్బంది లేదు. అయినప్పటికీ అమ్మేవారు మన దగ్గరకు వచ్చినపుడు రెంటినీ కలిపి "ఫ్రీ" అనే అంటారు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

ఆ సంఘంలో బిల్లు తయారు చేస్తున్న లైబ్రరీ పేరు ఐటెక్స్ట్. దీని కథ కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఒకే సరుకు రెండు లైసెన్సుల మీద ఎట్లా వస్తుందో ఇందులో బాగా తెలుస్తుంది.

బెల్జియం దేశంలో గెంట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ బ్రూనో లోవాజీ అనే ఆయన పీడీఎఫ్ తయారు చేసే ప్రోగ్రాము వ్రాశారు. అదే 2000వ సంవత్సరంలో ఐటెక్స్ట్‌గా వెలువడింది. అప్పటి షరతులు మెత్తనివి. ఎవరైనా దానిని తమ ప్రోగ్రాములో బిగించి, తమ ప్రోగ్రామును మాత్రం మూసి ఉంచుకొని అమ్ముకోవచ్చును. లైబ్రరీలో తాము మార్పులు చేస్తే వాటిని మాత్రం చూపవలెను. దాదాపు పదేళ్ళు అట్లా నడిచింది. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు, పెద్ద పెద్ద సంస్థలు వాడుకున్నవి. వ్రాసినవారికి మాత్రం ఆ వాడకం నుండి జీతం రాదు గదా. 2009 డిసెంబరులో ఐదవ రూపం వచ్చినపుడు లైసెన్సును ఏజీపీఎల్‌కు మార్చారు. ఇది జీపీఎల్ కంటె ఒక మెట్టు గట్టిది. ప్రోగ్రామును చేతికి ఇచ్చినపుడే గాక, దూరాన ఉన్న కంప్యూటరులో నడిపి ఇంటర్నెట్టు ద్వారా ఇతరుల చేత వాడించినపుడు కూడ మూలం చూపవలెనన్న నిబంధన ఇందులో ఉన్నది. ఇష్టమైనవారు ఏజీపీఎల్ ప్రకారం డబ్బు లేకుండా వాడుకోండి, అయితే మీ ప్రోగ్రాము సోర్స్ కోడ్, అనగా మనుషులు చదివి దిద్దగల అసలు వ్రాత, మీ ఖాతాదారులకు ఇవ్వండి. అది ఇష్టం లేనివారు మా వద్ద కొనుగోలు లైసెన్సు తీసుకోండి. ఇదీ వారి ఏర్పాటు.

ఇందులో మోసం ఏమీ లేదని మా అభిప్రాయం. పంచుకునేవాడికి ఊరకే ఇస్తాము, దాచుకునేవాడు వెల ఇవ్వవలెను అనడం న్యాయంగానే ఉన్నది. రెండు దారులూ పత్రంలో స్పష్టంగా వ్రాసి ఉన్నవి. ఏ దారీ పట్టకుండా మధ్యన నడిచేవారి వల్లనే ఇబ్బంది.

ఇంకొక సంగతి. 2009కి ముందు ఇచ్చిన రూపాలపై పాత షరతులే నిలిచి ఉన్నవి. ఒకసారి ఇచ్చిన అనుమతిని అటువంటి లైసెన్సులలో వెనక్కు తీసుకోవడం ఉండదు. అందువల్లనే ఆ పాత ఐటెక్స్ట్‌ను తీసుకొని ఇతరులు ఓపెన్‌పీడీఎఫ్ అనే పేరుతో వేరుగా పెంచుతున్నారు. అయితే పాతది తెచ్చుకొని ఎవరూ మరమ్మతు చేయకుండా వాడుకోవడం వేరు, పెంచేవారు ఉన్నదానిని తెచ్చుకోవడం వేరు. మొదటిది పాలు పోసే డబ్బాకు తుప్పు పట్టినా వాడుతున్నట్లే.

ఇక తెలుగు వత్తుల విషయం. 2016లో ఐటెక్స్ట్ ఏడవ రూపం వచ్చింది. తెలుగు, తమిళం, హిందీ, అరబ్బీ వంటి లిపులలో అక్షరాలను సరియైన చోట పేర్చే పనిని పీడీఎఫ్ కాలిగ్రాఫ్ అనే వేరు భాగంగా చేసి, దానిని డబ్బుకు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇంగ్లీషులో అక్షరం ప్రక్కన అక్షరం పెడితే సరిపోతుంది. మన లిపిలో క, ష, మ కలిస్తే రెండు వత్తులు ఒకదాని క్రింద ఒకటి ఎక్కడ కూర్చోవలెనో లెక్క కట్టవలసి ఉన్నది. ఆ లెక్క లేకపోతే లక్ష్మమ్మ గారి పేరుకు పట్టిన గతే పడుతుంది.

ఇదే పని చేసే మరొక లైబ్రరీ హార్ఫ్‌బజ్. పారశీక భాషలో అక్షరానికి హర్ఫ్ అని పేరట. ఇది ఎమ్ఐటీ తరహా మెత్తని లైసెన్సు మీద ఊరకే దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులోను, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోను, లిబ్రె ఆఫీసులోను తెలుగు అక్షరాలు పేర్చుతున్నది ఇదే. మనమంతా రోజూ ఫోనులో చదివే తెలుగు దాని చేతి మీదుగానే వస్తున్నది. కనుక వత్తులు రావాలంటే డబ్బు కట్టి తీరవలెను అన్నమాట ఒక లైబ్రరీ విషయంలో నిజం కావచ్చు గాని, అన్ని దారులకూ నిజం కాదు.

ఆ సంఘంలో మేము చేసిన పరీక్ష చాల చిన్నది, ఏ కార్యదర్శి అయినా చేయవచ్చును. బిల్లును కంప్యూటరులో తెరచి, ఫైలు మెనూలో ప్రాపర్టీస్ అన్నచోట నొక్కితే పీడీఎఫ్ ప్రొడ్యూసర్ అని ఒక వరుస ఉంటుంది. డబ్బా మీద సంఘం నంబరు వలె, ఏ లైబ్రరీ తయారు చేసిందో అక్కడ ముద్ర ఉంటుంది. ఐటెక్స్ట్‌ను ఏజీపీఎల్ మీద వాడేవారు ఆ వరుసను చెరపకూడదని వారి షరతు. చూచాము. ఐటెక్స్ట్ అన్న పేరు ప్రక్కనే ఏజీపీఎల్ వర్షన్ అని ఉన్నది.

అంటే ఏమయినది? సాఫ్ట్‌వేరు ఇచ్చినవారు కొనుగోలు లైసెన్సు తీసుకోలేదు, ఉచిత దారిలో తెచ్చారు. తెచ్చి సంఘం కంప్యూటరులో బిగించి ఇచ్చారు. అప్పుడు ఆ దారి బాధ్యత ప్రకారం సోర్స్ కోడ్ సంఘానికి ఇవ్వవలెను, లేదా అడిగితే ఇస్తామని వ్రాసి ఇవ్వవలెను. రెండూ జరగలేదు. పైగా కార్యదర్శి ఒకసారి మాటవరుసకు కోడ్ అడిగితే "అది మా సంస్థ రహస్యం" అన్నారట.

సరఫరాదారుని పిలిపించాము. జిల్లా కేంద్రంలో ఇద్దరు ముగ్గురితో నడుపుకుంటున్న చిన్న సంస్థ. ఆ అబ్బాయి చెడ్డవాడేమీ కాదు. "సార్, ఇంటర్నెట్టులో దొరికింది, ఓపెన్ సోర్స్ అని ఉన్నది, అంటే ఫ్రీ అనుకున్నాను. షరతులు చదవలేదు" అని ఒప్పుకున్నాడు. అతని మాట మేము నమ్మాము. అధ్యక్షులు మాత్రం, "బాబూ, నీళ్ళు కలిశాయని తెలియదంటే నీ పాలు మేము తీసుకుంటామా?" అన్నారు. అతను తల వంచుకున్నాడు.

అతని ముందున్నవి మూడు దారులు. కోడ్ సంఘానికి ఇచ్చి ఏజీపీఎల్ మీదనే కొనసాగడం ఒకటి. కొనుగోలు లైసెన్సు తన ఖర్చుతో తీసుకోవడం రెండవది. లైబ్రరీనే మార్చడం మూడవది. కోడ్ ఇచ్చినా వత్తుల చిక్కు తీరదు. కొనుగోలుకు అయ్యే సొమ్ము సంఘాల మీద పడుతుంది. ఆలోచించి మూడవ దారి పట్టాడు. బిల్లును ముందు బ్రౌజరు పేజీగా తయారు చేసి, క్రోమియం అనే ఓపెన్ సోర్స్ బ్రౌజరు చేత దానినే పీడీఎఫ్‌గా అచ్చు వేయించడం. క్రోమియంలో హార్ఫ్‌బజ్ ఉన్నది గనుక తెలుగు చక్కగా వస్తుంది. దాని లైసెన్సు ప్రధానంగా బీఎస్‌డీ తరహాది గనుక అతని కోడ్ అతని వద్ద ఉంచుకోవచ్చును.

ఇంత చెప్పినందున ఉచిత లైసెన్సు మంచిది, కొన్నది చెడ్డది అని మేము అంటున్నట్లు అనుకోవద్దు. ఓపెన్ సోర్స్ పత్రాలలో దాదాపు అన్నింటిలో "ఉన్నది ఉన్నట్లు ఇస్తున్నాము, హామీ లేదు" అన్న వాక్యం ఉంటుంది. చెడిపోతే అడగడానికి మనిషి ఉండడు. కొన్నదానికి, ఒప్పందంలో వ్రాసుకుంటే, ఫలానా గడువులో బాగు చేస్తామనే పూచీ ఉంటుంది. రోజుకు రెండు పూటలా పాలు పోసే చోట ఆ పూచీకి విలువ ఉన్నది. ఎస్‌క్యూలైట్ అని దాదాపు ప్రతి ఫోనులోను సమాచారం దాచి ఉంచే లైబ్రరీ ఒకటి ఉన్నది. రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో వ్రాసి, లైసెన్సే అక్కరలేకుండా జనానికి వదిలివేశారు. చిత్రమేమంటే, కాగితం లేనిదే నమ్మం అనే సంస్థల కొరకు ఆయన సంస్థ దానికే ఒక లైసెన్సు కాగితం వెలకు అమ్ముతున్నది. కొనేవారు ఉన్నారు. ఆడిటరు దృష్టితో చూస్తే మాకు అది వింతగా తోచలేదు.

ఉచితమైనా, కొన్నదైనా, బిగించే మనిషి ముఖ్యం. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే అపాచీ లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. బయటివారు దూరం నుండి ఇతరుల కంప్యూటరును స్వాధీనం చేసుకోగల లోపం అది. దిద్దిన రూపం కొద్ది రోజులలోనే పైసా లేకుండా అందరికీ ఇచ్చారు. కాని దానిని తెచ్చి తమ ప్రోగ్రాములో మార్చేవారు ఉన్నచోటనే అది పనికి వచ్చింది. తమ సాఫ్ట్‌వేరులో ఆ లైబ్రరీ ఉన్నదో లేదో కూడ తెలియని సంస్థలు ప్రపంచమంతటా వెదుక్కున్నవి.

ఇక సంఘాల కార్యవర్గాలు గమనించవలసినది చెబుతాము. సాఫ్ట్‌వేరు కొరకు సొమ్ము చెల్లించినంత మాత్రాన అది సంఘానిది అయిపోదు. బయటి సంస్థ చేత వ్రాయించినపుడు, హక్కును సంఘానికి బదలాయించినట్లు వ్రాతపూర్వకంగా ఉంటేనే, కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం అది చెల్లుతుంది. ఆ వ్రాతలో కాలపరిమితి చెప్పకపోతే అయిదేళ్ళకే అని చట్టం భావిస్తుంది. ఈ రెండవ సంగతి తెలిసిన కార్యదర్శిని మేము ఇంతవరకు చూడలేదు. పూర్తి హక్కు అడగడం చిన్న సంఘానికి ఎక్కువ ఖర్చు అనుకుంటే మానవచ్చును. కాని సరఫరాదారు మూతపడినా, సేవలు నిలిపినా కోడ్ నకలు సంఘానికి చేరే షరతు మాత్రం వ్రాయించుకోవలెను. దానికి ఖర్చు లేదు, పట్టుదల కావలెను, అంతే.

దానితోపాటు ఏయే లైబ్రరీలు వాడారో, ఒక్కొక్కటి ఏ లైసెన్సు మీద తెచ్చారో జాబితా అడిగి తీసుకోండి. నిజాయితీగా పనిచేసేవాడికి ఆ జాబితా తీయడం ఒక గంట పని. లైసెన్సు రుసుము ఎప్పుడైనా పడితే అది కట్టేది సరఫరాదారా, సంఘమా అన్నది ముందే తేల్చండి. తరువాత తేల్చుకుందాం అన్నచోట చివరకు లీటరు మీద పైసల రూపంలో సభ్యుడే కడతాడు. సభ్యుల పేర్లు, పాల లెక్కలు, చెల్లింపులు ఏ ప్రోగ్రాములోనైనా తెరవగల మామూలు పట్టికగా నెలనెలా తీసి ఉంచుకోండి. అవి సంఘానివి, ఏ లైసెన్సుకూ లోబడినవి కావు. కొటేషనులో "ఉచితం" అన్న మాట కనిపించినపుడు ఏ లైసెన్సు ప్రకారం ఉచితమో పేరు వ్రాయమనండి. పేరు వ్రాయలేనివాడు దానిని చదవలేదని గ్రహించవచ్చును.

సంఘంలో చదువుకున్న పిల్లలు ఈ రోజులలో చాల ఊళ్ళలో ఉన్నారు. ఇంజనీరింగు చదివి హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగం చేస్తున్న సభ్యుల కొడుకులు, కూతుళ్ళు పండుగకు వచ్చినపుడు ఒప్పందం కాగితం వారి చేతికి ఇచ్చి చదివించండి. మాకు మొదట ఏజీపీఎల్ పత్రం వివరించినది అటువంటి ఒక సభ్యుని కుమార్తెయే. ఆమె పని చేసే చోట, లైసెన్సు చూడకుండా లైబ్రరీ ఏదీ లోపలికి రానివ్వరట.

మొన్న రెండవసారి ఆ సంఘానికి వెళ్ళాము. కొత్త ఒప్పందం కార్యవర్గ తీర్మానంతో ఫైలులో ఉన్నది. లైబ్రరీల జాబితా రెండు పేజీలు వచ్చింది. కోడ్ నకలు సీలు వేసిన కవరులో బీరువాలో నగదు పెట్టె ప్రక్కన పెట్టారు. బిల్లు తెరచి ప్రాపర్టీస్ చూస్తే ప్రొడ్యూసర్ వరుసలో ఇప్పుడు స్కియా అని ఉన్నది. అది క్రోమియం వారి ముద్ర. లక్ష్మమ్మ గారిని పిలిపించి బిల్లు చూపించాము. ఫోను దూరంగా పట్టుకొని పేరు మీద వేలు పెట్టి చదువుకున్నది. "పేరు బాగానే ఉన్నది గాని అయ్యా, ఈ వెన్న శాతం ఏమిటి, పోయిన పక్షం కంటె తగ్గింది?" అని అడిగింది. ఆమె గేదె పాలు మరునాటి ఉదయం మా ఎదుటనే పరీక్షించవలెనని తనిఖీ పుస్తకంలో వ్రాశాము.